ఉదంతముల ద్వారా అభ్యాసము: తెర మీది ఊరు, మన ఊరి నీరు

పంచాయతీకి ఎన్నికయిన సభ్యునకు గాని, సభ్యురాలికి గాని శిష్యరికపు కాలము లేదు. వైద్యుడు కాదలచినవాడు కొన్ని సంవత్సరములు పెద్దల చేతి క్రింద పని నేర్చును. బండి నడుపుట నేర్చుకొనువాడు బండికి ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము తగిలించి, తెలిసినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని కొంతకాలము నడుపును. పంచాయతీ సభ్యుని సంగతి అట్లు కాదు. ప్రమాణ స్వీకారము చేసిన కొద్ది దినములకే అతని యెదుటకు ఒక అర్జీ వచ్చును. “మా వాడలో త్రాగునీటి బోరు ఎండిపోయినది. క్రొత్త బోరు వేయించవలెను” అని ఆ అర్జీ సారాంశము.

ఆ బోరు ఎచ్చట వేయవలెను? ఎంత లోతు వేయవలెను? పాత బోరు ఎందుకు ఎండినది? దాని చుట్టుప్రక్కల సేద్యమునకు బోరులు వేసికొన్న రైతులతో ఏమి మాట్లాడవలెను? ఈ ప్రశ్నలకు పొరపాటు సమాధానము చెప్పినచో ఆ పొరపాటు తీర్మానముల పుస్తకములో నిలిచిపోదు. అది ఊరి ఆడవారి నెత్తిమీది బిందె అగును. పంచాయతీ నిధి వెచ్చించి త్రవ్విన ఎండు గొట్టమగును.

పొరపాటు చేయకుండ ఎవరును ఏ పనియు నేర్చుకొనలేరు. కాని ఊరి నీటితో పొరపాటు చేసి నేర్చుకొనుట మిక్కిలి ఖరీదయిన చదువు. ఎవరికిని నష్టము కలుగని చోట పొరపాటు చేసి, దాని ఫలితము కన్నులార చూచి, ఆ పిమ్మట మన ఊరి పనికి పూనుకొనుటకు మార్గమున్నదా? ఉన్నది. ఉదంతముల ద్వారా నేర్చుకొనుటయే ఆ మార్గము. నేడు సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను చూడదగిన దృశ్యములు, ఆడదగిన కల్పిత గ్రామములు ఈ పద్ధతికి క్రొత్త బలమును చేకూర్చినవి. వీనిని పంచాయతీ సభ్యులు ఎట్లు వినియోగించుకొనవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఉదంతము అనగానేమి?

సూత్రము వేరు, ఉదంతము వేరు. “భూగర్భ జలమును పొదుపుగా వాడవలెను” అనునది సూత్రము. దానిని విని అందరును తల ఊపుదురు. మరునాడు ఎవరి మోటారు వారు వేసికొందురు. ఒకానొక ఊరిలో, ఒకానొక సంవత్సరమున, ఫలానా కష్టము వచ్చినది. చేతిలో ఇంత ధనమున్నది. ఊరిలో ఇన్ని అభిప్రాయములున్నవి. అప్పుడు ఆ పంచాయతీ ఏమి చేసెను, ఏమి జరిగెను అనునది ఉదంతము. అందులో మనుష్యులుందురు, ఇబ్బంది యుండును, ఏదో ఒక నిర్ణయము చేయక తప్పని ఘడియ యుండును.

ఈ పద్ధతి మన గ్రామములకు క్రొత్త కాదు. రచ్చబండ వద్ద తగవు తీర్చునపుడు పెద్దలు “వెనుక చెరువుకట్ట తెగిన ఏడు ఇట్టిదే వచ్చినది, అప్పుడు ఇట్లు చేసితిమి” అని జ్ఞాపకము చేసికొనుట మన మెరుగుదుము. విద్యాలయములలో దీనిని ఒక క్రమపద్ధతిగా చేసినవారిలో క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ ముఖ్యుడు. 1870లో అమెరికాలోని హార్వర్డ్ న్యాయ విద్యాలయమునకు డీన్ పదవి చేపట్టిన ఆయన, విద్యార్థులచే సూత్రములు వల్లెవేయించుట మాని, పూర్వపు తీర్పులను చదివించి, “నీవయినచో ఏమి తీర్పు చెప్పుదువు? ఎందువలన?” అని ప్రశ్నించెను. తరువాత వ్యాపార విద్యయందును ఈ పద్ధతి స్థిరపడినది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల తన మొదటి విద్యార్థులకు సమస్యనే ముందుంచి, దాని నుండి శాస్త్రమును నేర్పుట ఆరంభించినది.

వీని అన్నింటికిని మూలసూత్ర మొక్కటే: సమాధానము ముందుగా చెప్పరాదు. నేర్చుకొనువాడు మొదట తానే నిర్ణయము చేయవలెను, కారణము చెప్పవలెను, ఇతరుల మాట వినవలెను. ఆ పిమ్మటనే వాస్తవముగా జరిగినదేమో తెలిసికొనవలెను.

తెర వలన కలుగు లాభము

వ్రాతలోని ఉదంతము చదువరులకు మాత్రమే ఉపకరించును. పంచాయతీలో చదువు తక్కువయిన సభ్యులున్నచో వారు వెనుకబడిపోవుదురు. తెర మీద ఉదంతమును చూపినచో కొండ కనబడును, బావి కనబడును, మాట్లాడు రైతు ముఖము కనబడును. అర్థము కానిచో వెనుకకు త్రిప్పి మరల చూడవచ్చును. కావలసిన చోట ఆపవచ్చును. బొమ్మ, మాట, పటము, లెక్క అన్నియు ఒకే చోట లభించును. మల్టీమీడియా అని పిలువబడునది ఇదియే.

మన దేశములో ఈ ప్రయత్నము చాలకాలము క్రిందటనే జరిగినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా సుమారు 2400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారమయినవి. ‘సైట్’ అని ప్రసిద్ధి కెక్కిన ఆ ప్రయోగములో పాల్గొన్న ఆరు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరంతయు ఒక పెట్టె ముందు కూర్చుండి వ్యవసాయము, ఆరోగ్యము గురించిన కార్యక్రమములు చూచినది. అయితే ఆ పెట్టె మాట్లాడును గాని, వినదు; మనము ఆపుమన్నపుడు ఆగదు.

ఆ లోటును తీర్చిన ప్రయత్నములలో ‘డిజిటల్ గ్రీన్’ ఒకటి. 2006లో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన సంస్థలో ఇది ఆరంభమయి, పిమ్మట ప్రత్యేక సంస్థగా ఏర్పడినది. ఇందులో నటులు లేరు. ఆ ప్రాంతపు రైతే తన చేనిలో తాను చేసిన పనిని చూపును. ఊరివాడయిన ఒక కార్యకర్త దానిని చిన్న గుంపునకు ప్రదర్శించుచు, నడుమ నడుమ ఆపి ప్రశ్నలు వేయును. కర్ణాటకలోని 16 గ్రామములలో జరిపిన పరిశీలనలో, సాధారణ విస్తరణ పద్ధతి కంటె ఈ పద్ధతి వలన క్రొత్త సేద్యపు పనులను చేపట్టినవారు సుమారు ఏడు రెట్లు ఎక్కువ యని తేలినది. చూచువారు మొదట అడిగిన ప్రశ్న యేమి? “ఆ రైతు ఎవరు? ఏ ఊరివాడు?” అని. తమవంటివాడు చేసినాడని నమ్మకము కలిగినపుడే మనుష్యుడు తానును చేయబూనును.

గమనింపవలసినది ఏమనగా, ఈ ఫలితమును ఇచ్చినది తెర మాత్రమే కాదు. తెరను ఆపి ప్రశ్న వేసిన మనిషి కూడ.

ఒక ఉదంతమును చూచు విధము

ఉదాహరణకు మహారాష్ట్రలోని హివరే బజార్ ఉదంతమును తీసికొందము. అహమ్మద్‌నగర్ జిల్లాలో (నేడు దానికి అహిల్యానగర్ అని పేరు) వర్షము తక్కువగా కురియు ప్రాంతములో ఈ ఊరు కలదు. పనులు లేక జనము వలసపోయిన ఊరది. 1990 ప్రాంతమున పోపట్‌రావు పవార్ సర్పంచి అయిన పిమ్మట గ్రామస్థులు కొండవాలున కందకములు త్రవ్విరి, చెట్లు నాటిరి, కొండమీద పశువులను విచ్చలవిడిగా మేపుట మానిరి. సేద్యమునకు బోరులు వేయరాదని నిర్ణయించిరి. చెఱకు, అరటి వంటి నీరు త్రాగు పంటలను వలదనిరి. కురిసిన వానను కొలిచి, ఆ ఏటి నీటి లెక్కను గ్రామసభలో చెప్పి, దానినిబట్టి పంటలు నిర్ణయించు అలవాటు చేసికొనిరి. పవార్‌కు భారత ప్రభుత్వము 2020లో పద్మశ్రీ ప్రకటించినది. ఈ ఊరిని గురించిన చిత్రములు ఇంటర్నెట్టులో లభించును.

ఇట్టి చిత్రమును పంచాయతీ కార్యాలయములో వేసినచో సామాన్యముగా జరుగునదేమి? అందరును చూతురు, “ఆహా, ఎంత మంచి ఊరు!” అందురు, టీ త్రాగి ఇండ్లకు పోవుదురు. కొందరు “అట్టి సర్పంచి దొరికినాడు గనుక వారికి జరిగినది” అని పెదవి విరుతురు. ఇది వినోదమే గాని అభ్యాసము కాదు.

మరియొక విధముగా చూడవచ్చును. ఊరి కష్టమును చూపిన వెంటనే చిత్రమును ఆపవలెను. “ఇదీ స్థితి. మీరే ఆ పంచాయతీ. మొదట ఏమి చేయుదురు?” అని ప్రతి సభ్యుని, సభ్యురాలిని పేరుపేరున అడగవలెను. ఒకరు చెక్‌డ్యామ్ అందురు, ఒకరు లోతు బోరు అందురు, ఒకరు చెరువు పూడిక అందురు. ఎవరి మాటను వెక్కిరింపక నల్లబల్ల మీద వ్రాయవలెను. పిదప చిత్రమును కొనసాగించవలెను. బోరుల నిషేధము వద్ద మరల ఆపి, “ఈ తీర్మానమును మన ఊరిలో ప్రవేశపెట్టినచో ఎవరు లేచి నిలబడుదురు? వారికి కలుగు నష్టమేమి? వారికి మనమేమి చెప్పగలము?” అని అడగవలెను. అసలు చదువు ఈ ప్రశ్నతోనే ఆరంభమగును. ఏలయన, ఏ ఊరిలోనైనను కష్టమయినది కందకము త్రవ్వుట కాదు. పదిమందిని ఒక మాట మీదకు తెచ్చుట.

ఈ విధముగా చూచినచో పావుగంట చిత్రమునకు రెండు గంటల కాలము పట్టును. ఆ రెండు గంటలును సద్వినియోగమైనట్లే.

ఉదంతములకు చిత్రములే ఆధారము కానక్కరలేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమయిన ఈ-గ్రామస్వరాజ్ వేదికలో ఇతర పంచాయతీల ప్రణాళికలను ఎవరైనను చూడవచ్చును. మనవంటి జనాభా గల పంచాయతీ త్రాగునీటికి ఎంత కేటాయించినదో, మనమెంత కేటాయించితిమో ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయు ఒక ఉదంతాభ్యాసమే.

కల్పిత వాతావరణము

చిత్రములో ఇతరుల నిర్ణయమును చూతుము. కల్పిత వాతావరణములో నిర్ణయము మనమే చేయుదుము; ఫలితము వెంటనే కనబడును. విమానము నడుపువారు ఆకాశమున కెగురకముందు నేలమీది యంత్రములో కూర్చుండి తుఫానులో విమానము నడుపుట నేర్చుకొనుట ఇట్టిదే. అచ్చట విమానము కూలినను ఎవరును చనిపోరు.

ఐక్యరాజ్య సమితి విపత్తుల నివారణ విభాగము 2007లో ‘స్టాప్ డిజాస్టర్స్’ అను ఆటను ఇంటర్నెట్టులో వెలువరించినది. ఆడువాని చేతికి ఒక ఊరు, కొంత ధనము, కొంత గడువు లభించును. బడి ఎచ్చట కట్టవలెను, ఆసుపత్రి ఎచ్చట కట్టవలెను, తీరమున చెట్లు నాటవలెనా, హెచ్చరికల ఏర్పాటునకు వ్యయపరచవలెనా అని అతడు నిర్ణయించవలెను. గడువు తీరగనే సముద్రము పొంగును లేక గాలివాన వచ్చును. నష్టమెంతో లెక్క కనబడును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయిన మన తీరగ్రామముల సభ్యులకు ఇట్టి అభ్యాసము ఎంత విలువయినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు తెలిసిన యువకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆడవచ్చును.

నీటి విషయములో ఇంకను దగ్గరి ఉదాహరణ మన ప్రాంతములోనే కలదు. ఆంధ్రప్రదేశ్ గ్రామములలో 2013లోను, మరుసటి ఏటను ఫౌండేషన్ ఫర్ ఎకొలాజికల్ సెక్యూరిటీ అను స్వచ్ఛంద సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ కలిసి రైతులచే ఒక ఆట ఆడించినవి. దీనికి కంప్యూటరు అక్కరలేదు. భూమిలో ఇంత నీరున్నదని అనుకొని, ప్రతి ఆటగాడును తక్కువ నీటి పంటయో, ఎక్కువ నీటి పంటయో ఎన్నుకొనవలెను. కొన్ని ఆవృత్తులు ఒకరితోనొకరు మాట్లాడకుండ, కొన్ని మాట్లాడుకొని ఆడిరి. ఆట ముగిసిన పిదప ఊరందరితో చర్చ జరిగినది.

దీని ఫలితములు 2018లో ప్రకటింపబడినవి. అందులో మూడు సంగతులు పంచాయతీలకు ముఖ్యము. మొదటిది: ఆటలో మాట్లాడుకొనుట వలన మొదటి సంవత్సరము చెప్పుకోదగిన మేలు కనబడలేదు, రెండవ సంవత్సరము కనబడినది. కావున ఒక్కసారి చూచి, ఒక్కసారి ఆడి ఫలితము లేదని విడిచిపెట్టరాదు. రెండవది: ఆటలో గెలిచినదానినిబట్టి డబ్బు ఇచ్చినను వారి పంటల ఎన్నికలో మార్పు రాలేదు. మూడవది: ఆట ఆడిన ఊళ్లలో, అదే సంస్థ పని చేయుచున్న ఇతర గ్రామముల కంటె, నీటి లెక్కల పుస్తకములు, నీటి వాడుక నిబంధనలు ఏర్పరచుకొన్నవి ఎక్కువగా కనబడినవి. అయితే ఆట ఒక్కటే భూగర్భ జలము తరుగుటను ఆపజాలదని ఆ పరిశోధకులే స్పష్టము చేసిరి.

యాభై చింతపిక్కల ఊరు

ఇంటర్నెట్టు అందని ఊరిలోను ఇట్టి అభ్యాసము చేయవచ్చును. ఈ క్రింది ఆటను మేము ఉదాహరణగా కూర్చితిమి. ఒక గిన్నెలో 50 చింతపిక్కలు పోయవలెను. అదియే ఊరి క్రింది నీరు. అయిదుగురు రైతులుగా కూర్చుండవలెను. ఆరుతడి పంట వేసినవాడు ఏటికి 1 పిక్క తీసికొనును. అతనికి 3 మార్కులు. వరి వేసినవాడు 3 పిక్కలు తీసికొనును. అతనికి 5 మార్కులు. అందరును తీసికొనిన పిదప వాన కురిసినట్లుగా 5 పిక్కలు గిన్నెలో వేయవలెను. ఇట్లు పది సంవత్సరములు ఆడవలెను.

అయిదుగురును వరి వేసినచో ఏటికి 15 పిక్కలు పోవును, 5 వచ్చును. గిన్నెలో 50 కాస్త 40 అగును, తరువాత 30, 20, 10. నాలుగేండ్లు ఒక్కొక్కరికి 20 మార్కులు వచ్చును. అయిదవ ఏట 15 పిక్కలు కావలెను, ఉన్నవి 10 మాత్రమే. ముగ్గురి మడి తడియును, ఇద్దరి మడి ఎండును. ఎవరి మడి ఎండవలెనో నిర్ణయించునది న్యాయము కాదు. ఎవని బోరు ఎక్కువ లోతో అది.

అయిదుగురును ఆరుతడి వేసినచో 5 పోవును, 5 వచ్చును. పదేండ్లకు ఒక్కొక్కరికి 30 మార్కులు. గిన్నెలో 50 పిక్కలు అట్లే యుండును.

ఇక ముగ్గురు ఆరుతడి, ఇద్దరు వరి వేసినచో? ఏటికి 9 పోవును, 5 వచ్చును. పదేండ్లకు గిన్నెలో 10 మిగులును. ఆరుతడి వేసినవారికి 30 మార్కులు. వరి వేసినవారికి 50. ఇచ్చటనే ఆటలో తగవు పుట్టును. “మేము ఆరుతడి వేసి మిగిల్చిన నీళ్లు అన్న మడిలోకి పోయినాయి గదా, సర్పంచి గారూ!” అని ఎవరో ఒకరు అనకపోరు. ఆ మాట వచ్చినపుడు ఆటను ఆపవలెను. ఊరిలోని బోరుల కథ అంతయు ఆ మాటలోనే యున్నది. పొదుపు చేసినవాడు నష్టపడి, చేయనివాడు లాభపడుచున్నంతకాలము పొదుపు నిలువదు.

అప్పుడు వారినే పరిష్కారము వెదకనీయవలెను. వంతుల వారీగా ఏటికి ఒకరే వరి వేయవలెనని నిర్ణయించుకొన్నారనుకొందము. ఏటికి 7 పోవును, 5 వచ్చును. పదేండ్లలో ప్రతివానికి రెండుసార్లు వరి వంతు వచ్చును. ఒక్కొక్కరికి 34 మార్కులు లభించును. గిన్నెలో 30 పిక్కలు మిగులును. అందరికిని సమానము, ఎవరి మడియు ఎండలేదు. కాని 50 తగ్గి 30 అయినది గదా, తరువాతి పదేండ్లకు ఏమి చేయవలెను? వాన తగ్గి 3 పిక్కలే వచ్చిన ఏట వరి వంతును ఆపవలెనా? ఈ ప్రశ్నలకు సిద్ధమయిన సమాధానము లేదు. సమాధానము వెదకుటయే అభ్యాసము.

తెర నుండి మన బావికి

ఆటలోని 50 పిక్కలు నిజము కాదు. నిజమయిన లెక్క మన ఊరి బావులలో నున్నది. ఈ మూడవ మెట్టు ఎక్కనిచో మొదటి రెండును వ్యర్థము.

దీనికిని మన ప్రాంతములోనే మార్గదర్శకులున్నారు. 2003లో ఆరంభమయిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకములో అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ అను ఏడు జిల్లాలలోని ఆరు వందలకు పైగా ఆవాసముల రైతులు పాల్గొనిరి. రైతులే, స్త్రీలు, పురుషులు, వర్షమాపకము చూచి వానను వ్రాసిరి. పక్షమున కొకసారి బావులలో నీటి మట్టమును కొలిచిరి. రబీకి ముందు కూర్చుండి ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్క కట్టిరి. ఫలానా పంట వేయరాదని ఎవరును ఆజ్ఞాపించలేదు. లెక్క గోడమీద కనబడినది. నిర్ణయము రైతు తానే చేసికొనెను.

కావున చిత్రము చూచి, ఆట ఆడిన వారము లోపుననే పంచాయతీ ఒక చిన్న పనికి పూనుకొనవలెను. ఊరిలోని నాలుగయిదు బావులను, బోరులను ఎన్నుకొని, నీటి మట్టమును పదునైదు దినముల కొకసారి కొలిచి, పంచాయతీ గోడమీద వ్రాయించవలెను. బడి పిల్లలును ఈ పని చేయగలరు. ఒక సంవత్సరము గడిచినచో మన ఊరి ఉదంతము మన చేతిలో నుండును. ఆ అంకెలతో గ్రామసభలో మాట్లాడవచ్చును.

చట్టమును కూడ జ్ఞాపకముంచుకొనవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా, ప్రకారము క్రొత్త బావి త్రవ్వుటకు నిబంధనలు కలవు. ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల సేద్యపు బోరు వేయుటను ఆ చట్టము నిరోధించుచున్నది. ఎండిన త్రాగునీటి బోరు అర్జీ వచ్చినపుడు మొదట చూడవలసినది ఈ 250 మీటర్ల వలయమును. అయితే చట్టము పేరు చెప్పి పొరుగువాని మోటారును ఆపించుట కంటె, నీటి లెక్క చూపి అతని చేతనే ఒప్పించుట ఎక్కువకాలము నిలుచును.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది: తెర మీద కనబడినదంతయు నిజమని నమ్మరాదు. చిత్రమును ఎవరు తీసిరి, ఎప్పుడు తీసిరి, అందులో ఏదైన సరకు అమ్మజూపుచున్నారా అని విచారించవలెను. విజయములను చూపు చిత్రములు పెక్కు. విఫలములను చూపునవి కొద్ది. “ఇచ్చట ఏది చెప్పలేదు?” అను ప్రశ్న ప్రతి ఉదంతమునకును వేయదగినది.

రెండవది: ఒక ఊరి మందు మరియొక ఊరికి పట్టకపోవచ్చును. వాన ఎంత, నేల ఎట్టిది, కొండ కలదా, భూమి ఎవరి చేతిలో నున్నది అని పోల్చి చూడవలెను. ఉదంతము అద్దము వంటిది. అచ్చు వంటిది కాదు.

మూడవది: సభ్యురాలి స్థానములో ఆమె భర్తయో, కుమారుడో వచ్చి కూర్చుండరాదు. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. నీరు మోయు కష్టము తెలిసినది వారికి. ఫోను వారి చేతికి ఈయవలెను; ఆటలో పిక్క వారే తీయవలెను; మొదటి మాట వారినే అడగవలెను.

నాల్గవది: ఇంటర్నెట్టు నిలకడగా లేని చోట చిత్రమును ముందుగానే దించుకొని ఉంచుకొనవలెను. ఫోను తెర చిన్నది గనుక పదిమంది చూచునపుడు బడిలోని టీవీకి గాని, ప్రొజెక్టరుకు గాని తగిలించవలెను. శిక్షణ పేరుతో వచ్చిన సందేశములలో బ్యాంకు వివరములు గాని, ఓటీపీ గాని అడిగినచో చెప్పరాదు.

అయిదవది: ఆటలో చేసిన నిర్ణయము తీర్మానము కాదు. ఆట మనకు ఆలోచనను నేర్పును, అధికారము గ్రామసభది.

ఉపకరణములకు వెనుదీయనక్కరలేదు. హైదరాబాదు రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థయు, రాష్ట్రముల శిక్షణ సంస్థలును పంచాయతీ సభ్యులకు శిక్షణ నొసగుచున్నవి. శిక్షణకు పోయినపుడు “మావంటి ఊరి ఉదంతము చూపుడు, ఆ ఊరు పడిన కష్టమును కూడ చూపుడు” అని అడుగుట సభ్యుల హక్కు.

మొదట చెప్పిన అర్జీని మరల తలచుకొందము. వాడలో బోరు ఎండినది. ఉదంతములు చూడని పంచాయతీ, పాత గొట్టము ప్రక్కన ఇంకను లోతుగా మరియొక గొట్టము దింపును. కొంతకాలమునకు అదియు ఎండవచ్చును. ఉదంతములతో అభ్యాసము చేసిన పంచాయతీ, గొట్టమునకు ముందు గిన్నెను జ్ఞాపకము చేసికొనును. చుట్టునున్న బోరులెన్ని, వానికి పోవు నీరెంత, వచ్చు నీరెంత అని అడుగును. ఆ రైతులను పిలిచి ఒకచోట కూర్చుండబెట్టును. బోరు వేయవలసి వచ్చినను ఎచ్చట వేయవలెనో, దానిని ఎట్లు కాపాడవలెనో తెలిసి వేయును.

గిన్నెలోని పిక్కలు అయిపోయినచో మరల యాభై పోసి ఆట ఆరంభించవచ్చును. నేలలోని నీటికి అట్టి వీలు లేదు. కావున పంచాయతీ సభ్యులు, సభ్యురాండ్రు వచ్చే సమావేశమునకు ముందు ఒక సాయంకాలము కేటాయించి, ఒక చిత్రమును ఆపి ఆపి చూచి, ఒకసారి పిక్కలాట ఆడి, మరునాడు ఒక బావి మట్టమును కొలువ వలసినదిగా కోరుచున్నాము.